నా కాఫీ పొదుపు, మా బర్రె జబ్బు

ఆ రోజుల్లో నాకు లెక్కలు బాగా వచ్చని ఒక గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీలో కామర్స్ చదివినదాన్ని, బేగంబజార్‌లో హోల్‌సేల్ స్టీలు సామాన్ల దుకాణంలో బిల్లులు కొట్టేదాన్ని, నాకు రాకపోతే ఇంకెవరికొస్తాయి? (ఇప్పుడు ఇంటి కరెంటు బిల్లు చూసినా తల తిరుగుతుంది, అది వేరే సంగతి.) అప్పటి నా జీవితాశయం ఒక్కటే: సొంతంగా ఒక స్కూటీ. మొఘల్‌పురాలోని మా ఇంటి నుంచి దుకాణం దాకా రోజూ మా అన్న బైకు వెనక కూర్చుని వెళ్లేదాన్ని. అన్న దారి పొడుగునా పాన్ నములుతూ నాకు బుద్ధులు చెప్పేవాడు. గాలేమో ఎదురుగా వీచేది. బుద్ధులతో పాటు ఇంకేమేం వచ్చి నా దుపట్టా మీద పడేవో చెప్పను, మీరు భోంచేసే వేళ కావచ్చు.

స్కూటీకి అడ్డం పడింది కాఫీ. దుకాణంలో సేఠ్ రోజుకు రెండుసార్లు అందరికీ ఊరికే చాయ్ తెప్పించేవాడు. నేను ముట్టేదాన్ని కాదు. కాలేజీ స్నేహితురాలి ఇంట్లో ఫిల్టర్ కాఫీ రుచి మరిగి, చాయ్ తాగేవాళ్లంతా నాకంటే ఒక మెట్టు కిందివాళ్లని తీర్మానించుకున్నాను. వీధి చివరి హోటల్లో రోజుకు రెండు కాఫీలు, అలసిపోతే మూడు. (పదకొండింటికల్లా అలసిపోయేదాన్ని.) నెలాఖరున స్కూటీ కోసం పెట్టుకున్న డబ్బాలో వేయడానికి చిల్లర కూడా మిగిలేది కాదు. ఒకరోజు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మా బాపుది పాల వ్యాపారం, ఇంటి వెనక కొట్టంలో నాలుగు బర్రెలు. పాలు మనవే, ఊరికే వచ్చేవే! ఫ్లాస్కులో ఇంటి కాఫీ పట్టుకెళ్తే సరి. పొద్దున బాపు పాలు పిండి బకెట్ పక్కన పెట్టి వెళ్లగానే, ఆయన కొలిచేలోపు, ఒక గ్లాసు ముంచేసేదాన్ని. అదీ మహరాణి బకెట్లోంచే. నాలుగు బర్రెల్లో చిక్కటి పాలు దానివే.

మా వైపు ఒక మర్యాద ఉంది. నలుగురి మధ్య టిఫిన్ డబ్బా మూత తీస్తే, పక్కవాళ్లను తీసుకోమనాలి. వాళ్లు వద్దనాలి. ఇంకోసారి అనాలి, ఇంకోసారి వద్దనాలి. అక్కడితో ఇద్దరి పరువూ దక్కుతుంది. మూడోసారి అడిగామంటే మాత్రం అది మాటవరసకు కాదు, మనసారా పిలిచినట్టు. అప్పుడు కాదంటే అవమానించినట్టే. ఇది నాకు తెలియక కాదు. కానీ కొత్త ఫ్లాస్కు, గుప్పుమంటున్న కాఫీ, నా గొప్ప నలుగురికీ చూపించాలన్న దురద. మా దుకాణం లెక్కలు రాసే పెద్దాయన, మున్షీ సాబ్, ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"తీస్కోండి మున్షీ సాబ్!"

"నక్కో బేటా, తుమ్ పియో."

"అరె, కొంచెం తీస్కోండి!"

"నక్కో, నక్కో."

"గట్లనకండి సాబ్, మా ఇంటి పాలు!"

మున్షీ సాబ్ కలం కింద పెట్టాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇత్తా బోల్‌రే తో, థోడా డాల్‌దో," అని, అంతగా అడిగితే కాదనడమెలా అన్నట్టు తన గ్లాసు ముందుకు జరిపాడు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకుని, "సుభానల్లా!" అన్నాడు. ఆ మాట దుకాణమంతా వినిపించింది. మర్నాడు మున్షీ సాబ్ గ్లాసు ముందే కడిగి పెట్టుకున్నాడు. ఆయనకు పోసి పక్కనున్న హమాలీ చాచాకు పోయకపోతే ఏం బాగుంటుంది? చాచాకు పోస్తే మిగతా హమాలీలకు? నెల తిరిగేసరికి నా ఫ్లాస్కు చోట ఐదు లీటర్ల థర్మస్ క్యాన్ వచ్చింది. (మా దుకాణంలోదే, స్టాఫ్ రేటుకు.) గ్లాసు పోయి చెంబు, చెంబు పోయి రెండు చెంబులు. మా బర్రె పాలు పద్నాలుగు మంది తాగుతున్నారు. హోటల్ మానేశాక స్కూటీ డబ్బాలో పడ్డ నాలుగు నోట్లూ చక్కెరకూ కాఫీ పొడికీ కరిగిపోయాయి.

ఇంట్లో బాపు దిగులుతో సగమయ్యాడు. "మహరాణి ఇగ పాలిస్తలేదు బిడ్డా," అనేవాడు అన్నం కలుపుతూ. దానికి పల్లిచెక్క పెట్టాడు, బెల్లం పెట్టాడు, ఎండు మిరపకాయలతో దిష్టి తీశాడు. పశువుల డాక్టర్‌ను పిలిస్తే దాని నాలుక చూసి, పొట్ట నొక్కి, ఏమీ దొరక్క ఖరీదైన టానిక్ రాసిచ్చాడు. ఆ టానిక్ తాగి మహరాణి ఇంకాస్త ఎక్కువ పాలిచ్చింది. అవి నేను ముంచుకున్నాను. చివరికి ఒక ఐతారం పొద్దున కొట్టం దగ్గర ఎవరో కొత్త మనిషి మహరాణి నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. బేరగాడు. బాపు అటు తిరిగి కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. నేను గడప దగ్గర్నుంచే అరిచాను.

"బాపూ, దానికేం రోగం లేదు! రోగం నాది!"

"నీకేమైంది బిడ్డా?" అని బాపు పరుగెత్తుకొచ్చి నుదురు పట్టి చూశాడు.

"కాఫీ," అని అంతా చెప్పేశాను.

బాపు నా నుదుటి మీంచి చేయి తీశాడు. "ఎంతమంది తాగుతున్రు?"

"పద్నాలుగు మంది."

"చక్కెర ఎవలది?"

"నాదే."

"పొడి?"

"అదీ నాదే."

బాపు వెళ్లి మహరాణి మెడ చుట్టూ చేయి వేశాడు. "ఇన్నవా తల్లీ? గీ పోరిని నేను డిగ్రీ చదివిచ్చిన."

బేరగాడు వెళ్లిపోయాడు. బాపు నన్ను తిట్టలేదు, మర్నాడు నేరుగా మా సేఠ్ దగ్గరికెళ్లాడు. అప్పటికి దుకాణంలో ఎవరికీ చాయ్ గొంతు దిగడం లేదు. సేఠ్ రోజూ పాలు కొనడానికి ఒప్పుకున్నాడు, పక్క రెండు దుకాణాలవాళ్లు కూడా. వారం తిరక్కుండా బాపు నాకు సెకండ్ హ్యాండ్ స్కూటీ కొనిచ్చాడు. నేను ఎగిరి గంతేసేలోపే కాళ్ల దగ్గర ఒక క్యాన్ పెట్టి, వెనక అటొకటి ఇటొకటి కట్టేశాడు. "పాలు మోసేటందుకు బండి ఉండాలె గదా!"

మొహానికి స్కార్ఫ్ చుట్టుకుని, కళ్లు మాత్రం కనబడేలా బయల్దేరేదాన్ని. ఏం లాభం? పత్తర్‌గట్టి దగ్గర ట్రాఫిక్‌లో ఆగానో లేదో, "దూద్‌వాలీ ఆపా, ఆధా లీటర్ హై క్యా?" అని అర లీటరు పాల కోసం ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ కోపంతో నెలరోజులు కాఫీయే మానేశాను. నా పొదుపు పథకంలో పనిచేసింది అదొక్కటే.

ఇప్పుడు నాకు కారుంది. అద్దాలెక్కించి ఏసీలో వెళ్తుంటే ఏ సిగ్నల్ దగ్గరా నన్నెవరూ ఏమీ అడగరు. స్కార్ఫ్‌లో ఉడికిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త బెంగా పుడుతుంది. పత్తర్‌గట్టి మీదుగా వెళ్లినప్పుడల్లా మాత్రం ఒక అద్దం దించి, కొంచెం నెమ్మదిగా నడుపుతాను. ఎవరైనా అర లీటరు అడుగుతారేమోనని.