ఎద్దు నుదుట దీపం

మొన్న హైదరాబాదులో ఒక చిత్రకళా ప్రదర్శనకు వెళ్లాను. బరువు లాగుతున్న బక్కెద్దుల బొమ్మ ముందు జనం గుమిగూడి నిలబడి ఉన్నారు. నాకు మాత్రం అక్కడ నిలబడాలంటే సిగ్గేసింది.

నేను నాలుగో తరగతి చదివేటప్పుడు మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం. బొగ్గు బాయిలో, అంటే గనిలో పనిచేసే మా బాపు ఒకరోజు మా క్వార్టర్ బయటి గోడ మీద బొగ్గుతో ఎద్దును గీశాడు. ఎముకలు తేలిన ఆ ఎద్దు బొగ్గు నింపిన టబ్బు బండిని లాగుతోంది. దాని నుదుట, బాయిలోకి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే దీపం. వెనక తోలేవాడికి ముఖం లేదు, మెరిసే బూట్లు మాత్రం ఉన్నాయి.

వేసవి సెలవుల్లో ఆడుకోవడానికొచ్చిన నా స్నేహితురాలు, బాయి ఆఫీసు గుమాస్తా గారి అమ్మాయి, దాన్ని చూసి "మీ బాపు ఎద్దా?" అని పడీ పడీ నవ్వింది. ఆమె అటు పోగానే తడిగుడ్డతో గోడను రుద్దాను. బొగ్గు పోతుందా? గోడంతా నల్లగా అలుక్కుపోయింది.

షిఫ్టు దిగి వచ్చిన బాపు గోడనూ నా చేతులనూ చూశాడు. తిట్టలేదు. స్నేహితురాలు అన్న మాట నేనే చెప్పేశాను.

"గది నేను గాదు బిడ్డా, పక్కింటి కాక. నడుం పోయిందని ఇంటికి పంపిండ్రు గదా. దీపం వాపసిచ్చేటప్పుడు ఏడ్చిండు. గందుకే దాన్ని బొమ్మల పెట్టిన. రోజూ అరుగు మీద కూసోని గదే చూస్తుండె."

అంతలోనే, మేం కాక అని పిలిచే ఆ పక్కింటాయన నడుం పట్టుకుని బయటికొచ్చి, ఎప్పటిలాగే తన అరుగు మీద కూర్చున్నాడు. నేను నల్లటి చేతులను వెనక దాచుకున్నాను.

మొన్న ఆ బక్కెద్దుల ముందు కూడా నా చేతులు వెనకే ఉన్నాయి.