శ్రీశైలమ్మ పొత్తిగుడ్డలు

“అవ్వా, ఈ ఎరుపు పుండయిపోతే? నా బిడ్డకేమన్నా అయితే?”

రెండు నెలల కొడుకును ఎత్తుకుని అల్మాస్ పక్కింటి శ్రీశైలమ్మ మగ్గం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆదోనిలో కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక ఎమ్మిగనూరు వచ్చిన పిల్ల. పాత గుడ్డల్లో క్రిములుంటాయని భయపడి, ఆమె నేసిన కొత్త గుడ్డనే కొని, ఒక్కసారి ఉతికి, పొత్తిగుడ్డలుగా కట్టింది.

శ్రీశైలమ్మ మగ్గం దిగి బిడ్డ తొడలు చూసింది. “కొత్తది కడితివా? నూలుకు గంజి పెడ్తాం గదమ్మా, అది తడి పీల్చదు, గీరతాది. ఇంత సదివినావే, ఇది సెప్పేవాళ్లే లేకపోయిరా?”

లోపలికి పోయి, పెట్టెలోంచి ఆరు పాత గుడ్డలు తెచ్చింది. వెన్నలా ఉన్నాయి.

“ఎవరివవ్వా?”

“నా కొడుకువి. నా నూలు సీర సించి కుట్టుకుంటి. పదకొండు దినాలే ఉన్నాడు. నలభై ఏండ్లుగా ఏటా ఉతికి ఎండేస్తాండా. సచ్చిన బిడ్డవని ఎవరికీ ఇయ్యలే. నీకు పట్టింపుంటే వద్దులే.”

అల్మాస్ ఒక గుడ్డ తీసి కొడుక్కి కట్టింది. కాసేపటికే వాడు దాన్ని తడిపాడు. ఆ తడి మీద అరచెయ్యి పెట్టి, శ్రీశైలమ్మ చాలాసేపు అట్లాగే కూర్చుంది.

“ఏ గుడ్డయినా ఉడకేసి ఉతికి, ముందు నీ సెంపకు రుద్దుకో తల్లీ. నీకు గీరితే వానికీ గీరతాది.”

ఇప్పుడు అల్మాస్ ప్రతి గుడ్డనూ ముందు తన చెంపకు ఆనించుకుంటుంది.