ఇరవై రెండో తల

నేను లెక్కల టీచర్ని. లెక్క తప్పితే చెరిపి మళ్ళీ చేయడమే తెలుసు, దయ్యం మీదికి తోసేయడం తెలియదు. చిన్నప్పుడు మా బామ్మ దయ్యాల కథలు చెబుతుంటే సగంలోనే నిద్రపోయేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

2009లో రాజమండ్రి నుంచి విజిటింగ్ టీచర్‌గా అమెరికాలో ఒక చిన్న ఊరి స్కూలుకి వెళ్ళాను. నాలుగో తరగతి. కాంట్రాక్టు ఏటేటా రెన్యువల్ కావాలి, లేకపోతే తిరుగు టపాయే.

మరుసటి ఏడు మే నెలలో పిల్లల్ని, మ్యూజియంగా మార్చిన ఒక పాత గవర్నర్ ప్యాలెస్‌కి ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్ళాం. ఆ వారమంతా పరీక్ష పేపర్లు దిద్దీ దిద్దీ నా ఒళ్ళు పులిసిపోయి ఉంది. పిల్లల్ని లెక్కపెట్టే పని నాదే. ఒక్కో చోటు దాటగానే లెక్కపెట్టి, షీట్‌లో టైం, సంఖ్య రాసి సంతకం చేయాలి.

మన బళ్ళలోలా తల తట్టి లెక్కపెట్టడం నాకు అలవాటు. చేరిన కొత్తలోనే నా రూమ్మేట్, అదే స్కూల్లో పనిచేసే లక్ష్మి గారు హెచ్చరించారు.

"ఇక్కడ పిల్లల్ని తాకకూడదు పద్మా. ఎవరన్నా కంప్లైంట్ చేశారంటే నిన్ను ఫస్ట్ ఫ్లైట్ ఎక్కిస్తారు."

ఏడాదంతా చేతులు కట్టుకునే లెక్కపెట్టాను. ఆ రోజు అలసటలో పాత అలవాటు వచ్చేసింది.

బస్సు దిగగానే ఇరవై రెండు. వంటశాల చూసి బయటికి వచ్చాక ఇరవై రెండు. మేడ మీద ఇరవై రెండు. తోటలో ఇరవై రెండు. వంటశాల దాటినప్పటి నుంచి లైన్‌లో చివరి తల మాత్రం తడిగా తగిలేది. వాన లేదు. ఏ పిల్లో బాటిల్ నీళ్ళు ఒంపుకుందనుకుని, చెయ్యి చున్నీకి తుడుచుకుని సంతకం పెట్టాను. మొహం చూడలేదు. అంకె సరిపోయింది, నాకంతే కావాలి.

బస్సెక్కేటప్పుడు ఇరవై ఒకటి. మళ్ళీ పెట్టినా ఇరవై ఒకటే. ఎమిలీ సీటు ఖాళీగా ఉంది. వెనక్కి పరిగెత్తాను.

వంటశాల వెనక సామాన్ల గదిలో దొరికింది. తలుపుకి బయట గడియ పడి ఉంది. అంటే మేము అక్కడి నుంచి వచ్చేసినప్పటి నుంచి, గంటన్నరగా, ఆ చీకట్లోనే ఉంది. దగ్గరికి తీసుకుంటే జుట్టు పొడిగా ఉంది. ఎందుకు అరవలేదమ్మా అని అడిగాను. లైన్లో తన చోట నిలబడతానని ఇంకో అమ్మాయి చెప్పిందట, కాసేపే అని కూడా ఆ అమ్మాయే అందట. ఎవరని అడిగితే భుజాలెగరేసి మంచినీళ్ళు అడిగింది.

మర్నాడు ప్రిన్సిపాల్ నా షీట్ ముందు పెట్టి, లెక్కపెట్టకుండానే రాశావా అన్నారు. రాతపూర్వకంగా జవాబివ్వమన్నారు. తలలు ముట్టుకున్నానంటే ఒక తంటా. తడి తల సంగతి చెబితే పిచ్చిదంటారు.

"లెక్క తప్పాను, సారీ అని రాసి పడెయ్. ఈ ఏడాది గట్టెక్కుతావు," అన్నారు లక్ష్మి గారు.

అలాగే రాశాను. రెన్యువల్ చేశారు. సంతోషం కలగలేదు, సిగ్గేసింది. నా సర్వీసు మొత్తంలో నేను సంతకం పెట్టిన అబద్ధం అదొక్కటే. ఆ షీట్‌లోని అంకెలన్నీ నిజం.

నిద్రలేమి వల్ల అలా అనిపించిందేమోనని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ చున్నీకి తుడిచినా వదలని ఆ తడికి నా వేళ్ళ మచ్చలు షీట్ మీద పడ్డాయి, మర్నాడు ప్రిన్సిపాల్ నా ముందు పెట్టినప్పుడు కూడా అవి కనిపించాయి. ఆ తల ఎవరిదో, లైన్ వెంట అంతసేపు తిరిగిన పిల్ల బస్సు దాకా ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పటి నుంచి నేను తలలు లెక్కపెట్టను. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, మొహం చూసి, అప్పుడు టిక్కు పెడతాను. ఆ రోజు ఆ పిల్లని మూడుసార్లు లెక్కపెట్టాను. ఒక్కసారి కూడా నీ పేరేంటమ్మా అని అడగలేదు.