అగ్నిపర్వతం మీద ఇడ్లీలు

వంట విషయంలో నాకు కాస్త పొగరు. ఏ ఊరు వెళ్లినా కుక్కరూ పోపుల డబ్బా నా వెంట రావలసిందే. హవాయి పెద్ద ద్వీపంలో అగ్నిపర్వతం మళ్లీ లావా కక్కుతోందని విని, పదిహేనేళ్ల మా అమ్మాయిని తీసుకుని అరిజోనాలోని చాండ్లర్ నుంచి బయల్దేరినప్పుడు కూడా ఇడ్లీ పిండిని గడ్డకట్టించి, ఐస్ పెట్టెలో సర్ది మరీ లగేజీలో వేశాను. మా ఆయన ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని రాలేదు.

మేము దిగింది ఒక పెద్దావిడ ఇంట్లో. ఆ ద్వీపంలోనే పుట్టి పెరిగిన మనిషి. డెబ్బై దాటాయి, ఒంటరిగా ఉంటూ ఒక గది అద్దెకిస్తుంది. మా అమ్మాయి అలవాటు కొద్దీ ఆంటీ అంటే నవ్వుతూ పలికేది. మొదటి సాయంత్రం ఆవిడే మమ్మల్ని కారులో కొండ అంచుకు తీసుకెళ్లింది. కింద నిప్పు సెలయేరులా కదులుతోంది. మా అమ్మాయికి కళ్లనీళ్లు తిరిగాయి. నేను ఫోటోలు తీసుకున్నాను.

మర్నాడు ఆవిడ తన పెరడు చూపించింది. అక్కడి నల్లరాతి నేలలో ఒక పగులు ఉంది. లోపలి వేడికి వాన నీళ్లు కాగి, అందులోంచి ఎప్పుడూ ఆవిరి వస్తూ ఉంటుందట. తన తల్లి చితాభస్మం అక్కడే కలిపారనీ, రోజూ పొద్దున్నే ఒక పూలదండ ఉంచి తల్లితో కాసేపు మాట్లాడుకుంటాననీ చెప్పింది. మా అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేనూ అయ్యో అన్నాను. కానీ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఇంత ఆవిరి ఊరికే పోతోందే అన్నది నా మనసులో మాట.

గదిలోకి వచ్చాక నా ఆలోచన చెప్తే మా అమ్మాయి మొహం మాడ్చుకుంది.

"అమ్మా, ప్లీజ్, వద్దు. అది వాళ్ల మదర్ ప్లేస్."

"ఆవిడ వచ్చేలోపు అయిపోతుందే. వీడియో తీసుకుని వచ్చేస్తా," అన్నాను.

మా ఊరి తెలుగు ఆడవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఒకావిడ గ్రాండ్ కేనియన్ అంచున కూర్చుని పులిహోర తింటూ వీడియో పెట్టి నెలరోజులు పొగడ్తలు మూటగట్టుకుంది. అగ్నిపర్వతం మీద ఇడ్లీ అంటే ఇక తిరుగేముంది?

తెల్లవారగానే పెరట్లోకి వెళ్లి, పగులు మీద ఇడ్లీ రేకులు పెట్టి, పైన గిన్నె బోర్లించి, ఫోన్లో వీడియో మొదలుపెట్టాను. అరగంటైనా పిండి ఉడకలేదు. ఆ ఆవిరికి అంత సత్తువ లేదు. కంగారులో రేకు ఒరిగి, పిండి కాస్త నిన్నటి దండ మీదికి జారింది. అది తుడుస్తూండగా వెనక అడుగుల చప్పుడు. పెద్దావిడ కొత్త దండతో నిలబడి ఉంది, పక్కన మా అమ్మాయి.

కుడితిలో పడ్డ ఎలుకనైపోయాను. ఆవిడ కోప్పడలేదు, ఇదేమిటని మాత్రం అడిగింది. నా నోట్లోంచి వచ్చింది ఒకే మాట. "నైవేద్యం. మా ఆచారం. మీ అమ్మగారికి పెడుతున్నాను."

అన్నాక ఆగితే బాగుండేది. సీసాలో నీళ్లు రేకుల చుట్టూ తిప్పి, కళ్లు మూసుకుని "ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా" అని కూడా అన్నాను. మా పూజగదిలో కూడా అంత భక్తి ఎన్నడూ చూపించలేదు.

కళ్లు తెరిచేసరికి ఆవిడ ఏడుస్తోంది. అద్దెకు వచ్చిన వాళ్లెవరూ తన తల్లికి తిండి పెట్టలేదంది. దండను ఇడ్లీల పక్కన ఉంచింది. నైవేద్యం పెట్టాక అందరూ తింటారని మా అమ్మాయి నిన్న మాటల్లో చెప్పిందట, అందుకని రెండు చేతులూ చాపింది. ఆ పచ్చిపిండి ముద్దను నేను ఆ చేతుల్లో పెట్టాను. ఆవిడ మొహం చిట్లించకుండా పూర్తిగా తింది. భూమి చీలితే బాగుండునని ఊరికే అంటాం. ఆ పూట నిజంగానే చీలి ఉన్న పగులు పక్కన నిలబడి తలెత్తలేకపోయాను.

అప్పుడు ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగి, మీ అమ్మ ఇంట్లో కూడా ఇలా చేస్తుందా అని అడిగింది.

సైన్సు ప్రాజెక్టులో సగం నాన్నే చేశాడని టీచరుకు తనే వెళ్లి చెప్పి, మార్కులు పోగొట్టుకున్న పిల్ల అది. నావైపు ఒకసారి చూసింది. తరవాత ఇంగ్లీషులో, చాలా మెల్లగా చెప్పింది. "చేస్తుంది. రోజూ. మేమెవరం తినకముందే."

ఆవిడ దాని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది.

మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు వెళ్తూంటే మా అద్దె కారులో మా అమ్మాయి కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఫోన్లోంచి ఆ వీడియో తీసేశానన్నాను. కారు పక్కకు ఆపాను.

"వెనక్కి వెళ్దామే. ఆవిడకి నిజం చెప్పేస్తాను. కాళ్లు పట్టుకుంటాను."

"వద్దు, అమ్మా," అంది.

"ఎందుకే?"

"నువ్వు ఇప్పుడు చెప్తే, నేను కూడా లై చేశానని ఆంటీకి తెలిసిపోతుంది."