సింహాసనం మీద మీసం

గత ఆగస్టులో మా చెల్లెలి కూతుర్ని వెంటబెట్టుకుని అబిడ్స్‌లో వేషాలు కిరాయికిచ్చే దుకాణానికి వెళ్ళాను. బడిలో ఏదో పోటీ. పిల్లకు రాజు వేషమే కావాలని పట్టు. దుకాణం ఆయన దాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, చిన్న సీసా మూత తీసి, పై పెదవి మీద కుంచెతో జిగురు రాశాడు. నాటకాల వాళ్ళు దాన్ని స్పిరిట్ గమ్ అంటారు. ఆ ఘాటు దుకాణమంతా నిండింది. పిల్ల "మంట, పెద్దమ్మా" అంటూ మొహం చిట్లించింది. నాకు నా పెదవే చుర్రుమన్నట్టయింది. బయట బస్సులూ ఆటోలూ రొద చేస్తూనే ఉన్నాయి గానీ కాసేపు నాకేమీ వినబడలేదు. చదువుకునే రోజుల్లో ఆ జిగురు నా పెదవికి రాసింది వసుంధర మేడం.

ఆవిడ పేరు మీరు విని ఉండరు. నాంపల్లిలో మేం చదివిన ఆడపిల్లల కాలేజీలో తెలుగు చెప్పేవారు. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడినప్పుడు వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు. మేడం పుట్టి పెరిగింది ఇక్కడే. పెళ్ళి చేసుకోలేదు. అన్నగారింట్లో మేడ మీది గదిలో ఉండేవారు. మాది నల్లగొండ దగ్గర పల్లె. మా నాన్న ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. మిర్చి బస్తాలు మోసి ఇంటికొస్తే ఆయన విప్పిన చొక్కా పక్క నుంచి నడిచినా మాకు తుమ్ములొచ్చేవి. కాలేజీలో నేను నోరు విప్పేదాన్ని కాదు. విప్పితే 'ఏంది' అంటాను, అంటే నవ్వుతారు. ఆ రోజుల్లో సినిమాలోనైనా నాటకంలోనైనా మా మాట మాట్లాడేది పనిమనిషో, రౌడీయో, తాగుబోతో. మేం కూడా అవి చూసి నవ్వేవాళ్ళం. అందరితో పాటు నవ్వకపోతే పట్టుబడిపోతామని.

ఒకరోజు క్లాసయ్యాక మేడం నన్ను ఆగమన్నారు. "సరితా, కోపమొస్తే మీ నాన్నగారు ఎలా మాట్లాడతారు?" అని అడిగారు.

"నేను చెప్ప మేడం. నవ్వుతరు."

"ఎవరు నవ్వుతారో, ఎందుకు నవ్వుతారో నాకొదిలెయ్. నువ్వు మాట్లాడు."

మాట్లాడాను. ఆవిడ నవ్వలేదు. కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు విన్నారు. ఆ తర్వాత రాసిన నాటకమే 'కొలువు'. అందులో ఒక రాజు. నిజానికి రాజు కాదు, చనిపోయిన రాజు కూతురు. మీసం పెట్టుకుని, మగవాడిలా రాజ్యం ఏలుతుంటుంది. రాజు మాట్లాడేది మా నాన్న మాట. మంత్రులు గ్రాంథికం. చీపురు పట్టిన దాసీలు మాత్రం మేడం వాళ్ళింటి కృష్ణా జిల్లా తెలుగు మాట్లాడతారు. రాజు ఆడదని బయటపడ్డ రోజున, ఇన్నాళ్ళూ ఆ తీర్పులకు తలూపిన మంత్రులే అవేవీ చెల్లవంటారు. అప్పుడామె మీసం పీకి సింహాసనం మీద పెట్టి, "మీరు దండం పెట్టింది దీనికే గదా. పెట్టుకోన్రి" అని దిగి వెళ్ళిపోతుంది. అంతే నాటకం. వేషాలన్నీ ఆడపిల్లలవే. రాజు నేను.

రిహార్సళ్ళు మొదలయ్యాక మమ్మల్ని నాంపల్లి స్టేషనెదుట ఒక ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళు కూర్చోవడం అరుదు. సరిగ్గా నడిమధ్య బల్ల చూసి కూర్చోబెట్టారు. చాయ్ ఇచ్చేతను ఇబ్బందిగా వచ్చి, "ఫ్యామిలీ పైన కూసుంటరు అమ్మా" అన్నాడు.

"మేం ఫ్యామిలీ కాదు బాబూ, చాయ్ తాగడానికొచ్చాం" అన్నారు మేడం. తర్వాత గొంతు తగ్గించి మాతో, "మగవాళ్ళు ఎలా కూర్చుంటారో చూడండి. పక్కవాడికి చోటుందా లేదా అని ఒక్కడైనా చూసుకున్నాడా? మోకాళ్ళెక్కడున్నాయి, మోచేతులెక్కడున్నాయి? నేర్చుకోండి" అన్నారు. మేం సిగ్గుపడుతూనే మోకాళ్ళు ఎడం చేశాం. నా జీవితంలో ఒక కుర్చీ నిండా కూర్చోవడం అదే మొదలు.

కాలేజీ వార్షికోత్సవం నాటికి మా నాన్నను బతిమాలి రప్పించాను. వెనక వరసలో, భుజం మీద తువ్వాలతో కూర్చున్నాడు. తెర లేచి, నేను సింహాసనం మీంచి, "ఏందిరా లొల్లి? ఎవన్ని కొట్టిన్రు?" అనగానే హాలంతా గొల్లుమంది. వాళ్ళను తప్పుపట్టను. ఆ మాట వింటే నవ్వాలని వాళ్ళకు అలవాటు. మేడం ముందే హెచ్చరించారు, ఆగొద్దు, వేగం పెంచొద్దు, వాళ్ళు అలసిపోయే దాకా రాజులానే మాట్లాడు అని. మాట్లాడాను. నవ్వు రెండో రంగంలో సన్నబడింది. భూమి పోయిన రైతుకు తీర్పు చెప్పే చోట పూర్తిగా ఆగిపోయింది. మీసం పీకినప్పుడు హాల్లో దగ్గు కూడా వినబడలేదు. మనుషులు తమ నవ్వును తామే అనుమానించడం ఆ రోజు చూశాను. మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నాన్నా నేనూ ఇంటికి నడిచాం. మోజంజాహీ మార్కెట్ దాటాక అన్నాడు: "గా కుర్చీల నువ్వు కూసుంటే నాకు బుగులైంది బిడ్డా. గాడికెల్లి దించేటోళ్ళు ఉంటరు."

వాళ్ళు వారం తిరక్కుండానే వచ్చారు. ప్రిన్సిపాల్ గదిలో రెండు జట్లు. ఒక జట్టుకు మీసాన్ని అవమానించారని కోపం. తమ కులం మగవాళ్ళ పరువు తీయడానికే ఆ నాటకమట. రెండో జట్టు, తెలంగాణ మాటను ఒక ఆంధ్రామె వెక్కిరించిందని వచ్చింది. వాళ్ళలో ఎవరూ నాటకం చూడలేదు. నన్ను పిలిపించారు. "నేను మాట్లాడింది మా నాన్న మాట, అన్నా, వెక్కిరింపు కాదు" అన్నాను.

రెండో జట్టులో ఒకతను జాలిగా చూశాడు. "నీకు తెల్వది చెల్లె. నిన్ను వాడుకున్నరు."

మేడం మాత్రం ఒక్కటే అడిగారు: "మీరు వచ్చి ఒక్కసారి చూడండి. చూశాక తిట్టండి." ఎవరూ చూడలేదు. అయితే ఒకరినొకరు చూస్తే పడని ఆ రెండు జట్లూ ఆవిడను ఆపాలన్న దగ్గర ఒక్కటయ్యాయి. మేడంను కాలేజీ నాటకాల నుంచి తప్పించి పరీక్షల పని అప్పజెప్పారు. స్టాఫ్ రూములో పక్క కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఇంట్లో అన్నగారు, "నీ మూలంగా నాకు బెదిరింపు ఫోన్లు వస్తున్నాయి, ఈ వయసులో ఎందుకమ్మా" అన్నారట. ఆవిడ నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని మమ్మల్నే పోగుచేసి ఆదివారాలు నాటకాలాడించారు. ఒకామెకు పెళ్ళయి అత్తగారు వద్దన్నారు. ఒకామె భర్త గది తలుపు దగ్గరే గొడవ చేసి చెయ్యి పట్టి లాక్కుపోయాడు. మంత్రి వేషం వేసే పద్మను వాళ్ళ తమ్ముడు కొట్టాడు. స్టేజీ మీద రాజ్యాలను తలకిందులు చేసిన పిల్లలు ఇంటి గడప దాటలేకపోయారు. చివరికి మేడం, నేనూ మిగిలి, ఒక ఆదివారం ఎదురుబొదురుగా కూర్చుని చాయ్ తాగి, తాళం వేసి వచ్చేశాం.

కొన్నేళ్ళకు రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నేనూ ఏడ్చాను, సంతోషంతోనే. మా మాట కుర్చీ ఎక్కింది. ఆ తర్వాత ఒక సాంస్కృతిక సంస్థ వాళ్ళు పెద్ద హాల్లో 'కొలువు' వేస్తున్నారని పోస్టర్లు చూశాను. రచన అన్న చోట ఇంకెవరిదో పేరుంది. మేడం రిటైరై ఉన్నారు. వద్దంటారనుకున్నాను. "పోదాం పద" అన్నారు. వెనక వరసలో కూర్చున్నాం. రాజుగా ఒక పేరున్న నటుడు, నిజమైన మీసంతో. కూతురి సంగతే తీసేశారు. రాజు నిజంగానే రాజు. చివర్లో మీసం మెలేసి, "ఈ గడ్డ మీద ఎవన్ని ఏలనియ్య" అనగానే హాలు ఈలలతో ఊగిపోయింది. ముందు వరసలో పెద్దవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాలేజీలో నన్ను చెల్లె అన్న అతను వాళ్ళ మధ్యనే ఉన్నాడు, శాలువాతో.

బయటికొచ్చాక నేను కోపంతో, "పోయి అడుగుదాం మేడం, కేసు వేద్దాం" అన్నాను.

"ఏమని వేస్తావ్? ఆ నాటకం నాది కాదమ్మా. నా నాటకంలో రాజు దిగిపోతాడు" అన్నారు. ఆవిడ ముఖంలో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఆటో ఎక్కే ముందు, "మనం తలకిందులు చేసిందాన్ని వాళ్ళు తిప్పి కుర్చీ చేసుకున్నారు సరితా. ఏం చేసినా కుర్చీయే అవుతుందేమో" అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఏదీ రాయలేదు. రాయమని నేనడిగినప్పుడల్లా మాట మార్చేవారు.

ఆఖరుసారి హిమాయత్‌నగర్ మేడ మీద చూశాను. ఊపిరితిత్తుల జబ్బు. మాట మాటకూ ఆయాసం. ఆవిడ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తానన్నాను. చెయ్యి అడ్డంగా ఊపారు. ఊపిరి కూడదీసుకుని, "ఆ పెద్ద హాల్లో ఆ రోజు ఎవరికైనా ఇబ్బంది కలిగిందా?" అని అడిగారు.

"లేదు మేడం. అందరూ ఖుషీగ పోయిన్రు."

"మరి మన కాలేజీలో?"

"అందరికీ కలిగింది."

తలూపారు. దానిలో తృప్తి ఉందో లేదో నాకు తెలియలేదు. వారంలో పోయారు. అంబర్‌పేట శ్మశానానికి మేం కొద్దిమందిమే వెళ్ళాం. అన్నగారి కొడుకు వచ్చినవాళ్ళతో, "అత్తయ్య కాలేజీలో తెలుగు చెప్పేది. నెమ్మదైన మనిషి" అని చెబుతున్నాడు. అతన్ని సరిదిద్దాలనిపించలేదు. నెమ్మదైన మనిషిగా చేసే పంపించారు మరి.

ఇప్పుడు నేనూ ఒక కాలేజీలో తెలుగు చెబుతున్నాను. నాటకాలు చూడటం మానలేదు. తిరుగుబాటు అని పేరు పెట్టుకున్నవి, ఆడవాళ్ళ కోసమని చెప్పుకున్నవి, రాజకీయాలను ఎండగట్టామన్నవి, అన్నీ చూస్తాను. కాస్త చూశాక నా చూపు స్టేజీ వదిలి ముందు వరసల మీదికి పోతుంది. ఎవరు కదిలారు, ఎవరి మొహం ముడుచుకుంది, ఎవరు లేచి పోదామనుకుంటున్నారు అని వెతుకుతాను. అందరూ హాయిగా కూర్చుని ఉంటారు. చప్పట్లు సరిగ్గా పడాల్సిన చోటే పడతాయి. అయిపోయాక భోజనానికి ఎక్కడికి పోదామని మాట్లాడుకుంటూ బయటికి వస్తారు. పక్కనున్నవాళ్ళు "ఎట్లుంది మేడం?" అని నన్ను అడుగుతారు. బాగుందనే అంటాను. చప్పట్లప్పుడు నా చేతులు మాత్రం ఒళ్ళోనే ఉండిపోతాయి.