పలకల కింద ఊపిరి

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, నిండు సంఘం చూస్తుండగా, బాప్తిస్మం ఇవ్వడానికి నీళ్ళలోకి దిగిన పాస్టరు ఒక ముసలాయన్ని ఆ నీళ్ళలోనే వదిలేసి పైకి పరుగెత్తిన ఘనత మా చర్చికి ఉంది. ఆ పాస్టరు ఎవరని ఆరా తీయకండి. నేనే చెబుతున్నాను కదా, కాస్త పరువుగా చెప్పనివ్వండి.

సెమినరీ నుంచి వచ్చాక అది నా మొదటి డిసెంబరు. మాది రామతీర్థం పక్క ఊరు. నన్ను వేసింది కళింగపట్నం దగ్గర ఒక పాత మిషను చర్చికి. మందపాటి గోడలు, ఎత్తు పైకప్పు, సముద్రపు గాలికి పొరలు పొరలుగా ఊడే సున్నం. లోపల మనం ఒక మాటంటే అది వెంటనే తిరిగి వచ్చేది కాదు. కాసేపు ఎక్కడో ఆగి, ఇంకెవరి గొంతుతోనో వచ్చేది. ప్రసంగం చేస్తుంటే నా వెనకాల నిలబడి ఎవరో నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉండేది. బహుశా న్యాయమే.

మేము బాప్టిస్టులం. నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే మాకు కుదరదు, మనిషిని నిలువునా ముంచాలి. అందుకని ప్రసంగ వేదిక కిందే ఒక సిమెంటు తొట్టి, అందులోకి దిగడానికి మెట్లు ఉంటాయి. మామూలు రోజుల్లో దాని మీద చెక్క పలకలు పరిచి ఉంచుతాం. అంటే ఏడాది పొడుగునా నేను ఒక గోతి మీద నిలబడి పరలోకం గురించి మాట్లాడుతుంటానన్నమాట.

ఆ క్రిస్మస్‌కి ముంచవలసినవాడు గవరయ్య. సముద్రం మీద వేటకు పోయి పోయి తోలు బిగిసిన మనిషి. ఆయన భార్య సంతోషమ్మ పెళ్ళయిన కొత్తలోనే బాప్తిస్మం తీసుకుంది. ఆయన మాత్రం ఆవిణ్ణి చర్చి దాకా దింపి, బయట చెప్పుల దగ్గర బీడీ కాల్చుకుంటూ ముసలివాడయ్యాడు. మాలో బాప్తిస్మం పొందినవాళ్ళకే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసంలో వంతు. రొట్టె పళ్ళెం తిరిగినప్పుడల్లా సంతోషమ్మ ఆడవాళ్ళ వరసలోంచి మగవాళ్ళ వైపు ఒకసారి చూసి తల దించుకునేది.

"అయ్యగారూ, ఇన్ని పండగలూ ఒక్కదాన్నే బల్లలో పాలు తీసుకున్నాను. నా ఒంట్లో ఇంక ఓపిక నేదు. ఈ పండక్కి ఆయన్ని లోపల కూకోబెట్టండి సాలు," అంది.

గవరయ్య ఆ ఏడు ఎలాగో ఒప్పుకున్నాడు. పని సగం అయిపోయినట్టే. మిగతా సగం చెడగొట్టడానికి నేనున్నాను.

డిసెంబరులో పాస్టరుకు వచ్చే కానుకలు చాలావరకు ప్రాణంతోనే వస్తాయి. ఆ శుక్రవారం కోటబొమ్మాళి వైపు నుంచి ఒక రైతు విశ్వాసి బకెట్టులో బతికున్న కొరమీను తెచ్చాడు. మోచేతి పొడవుంది. బ్రహ్మచారిని, నాకు కోడిగుడ్డు కొట్టాలన్నా మనసొప్పదు. పండగనాడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వంటవాళ్ళకి ఇద్దామనుకున్నాను. కానీ అది గంటగంటకీ బకెట్టులోంచి ఎగిరి నా మంచం కిందకి పోతోంది. ఆదివారం కోసం అప్పుడే తొట్టి నింపి ఉంచాం. మీరు ఊహించింది నిజమే. పలక ఎత్తి చేపను అందులో వేసి, మళ్ళీ పలక మూసేశాను. శనివారం సాయంత్రం తీసేద్దాం, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

శనివారం సాయంత్రం నేను తాళం తీసేసరికే గవరయ్య, సంతోషమ్మ గుమ్మం దగ్గరికి వచ్చేశారు. రేపు ఎలా నిలబడాలో చూపించమని. వాళ్ళతో మా సంఘ పెద్ద, డీకను ఏలియా గారు. వేదిక మీద నేను మంచినీళ్ళ సీసా పెట్టుకున్నా అపచారమని దగ్గే మనిషి. కిటికీల్లో వెలుగు తగ్గిపోతోంది. నేను చేతులు గుండెల మీద ఎలా కట్టుకోవాలో చూపిస్తున్నాను. అప్పుడు మా కాళ్ళ కింద నీళ్ళు మెల్లగా చీలిన చప్పుడయింది. గుటక వేసినట్టు ఒక ఊపిరి. తరవాత లోపలి నుంచి పలక మీద ఒక్క దెబ్బ.

గవరయ్య కదల్లేదు. "ఇన్నారా?" అన్నాడు.

"ఏమిటి?"

"కింద ఎవులో ఊపిరి తీసుకున్నారు."

కొరమీను గాలి కోసం పైకి వస్తుందని నాకు తెలుసు. ఆ ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ పక్కన ఏలియా గారున్నారు. పరిశుద్ధమైన తొట్టిలో పాస్టరు కూర నిలవ చేసుకున్నాడని ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు.

"పాత చెక్క కదా, చలికి బిగుసుకుంటుంది," అన్నాను.

"సెక్క గుటకలేస్తాదా బాబూ?"

"భయం మనసులో పుడుతుంది గవరయ్యా."

"నా మనసులో కాదు, అదిగో, మీ కాళ్ళ కింద పుట్టింది. సముద్రంలో ఏటున్నాదో నాకు ఎరికే. ఈ పలకల కింద ఏటున్నాదో మీకు ఎరికేనా?"

సెమినరీలో కూడా నన్నెవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు. జవాబు తెలిసి కూడా నేను తప్పింది ఈ ఒక్క పరీక్షే.

"నాను దిగను," అన్నాడు గవరయ్య. సంతోషమ్మ కొంగు సర్దుకుని గుమ్మం వైపు నడిచింది. తిట్టినా బాగుండేది.

"రేపు ముందు నేను దిగుతాను," అన్నాను గబగబా. "ఏదైనా ఉంటే ముందు నన్నే పట్టుకుంటుంది."

"మిమ్మల్ని తిన్నాక నన్ను ఒగ్గేస్తాదేటి?"

"నాతో దాని కడుపు నిండిపోతుంది."

ఆయన నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "మీరు దానికి నంజుకోడానికైనా సాలరు." గుమ్మం దగ్గర ఆగిన భార్య వీపు కేసి చూశాడు. "సరే. మీరు నీళ్ళలో ఉన్నంతసేపు నానూ ఉంటాను. మీరు పైకొచ్చేస్తే మాత్రం నాను ఇంటికెల్లిపోతాను. మరింక పిలవొద్దు."

వాళ్ళు వెళ్ళగానే పలకలు ఎత్తి ఫోను లైటు వేశాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అడుగు కనిపిస్తోంది. చేప లేదు. చీపురు కర్రతో మూలమూలలా కెలికాను. ఏమీ తగల్లేదు. తాళం చెవి నా జేబులోనే ఉంది. తొట్టికి ఉన్న గొట్టంలో నా బొటనవేలు కూడా పట్టదు. పలకలు మూసేసి గుమ్మం దగ్గరికి వచ్చాను. వెనకాల చీకట్లో మళ్ళీ అదే గుటక, అదే ఊపిరి. పాస్టర్లు పరుగెత్తరు. చాలా వేగంగా నడుస్తారు. ఆ వేగంలో గుమ్మం బయట విడిచిన చెప్పుల్లో ఒకటి అక్కడే ఉండిపోయింది. దాని కోసం తిరిగి వెళ్ళేంత విశ్వాసం నాకు లేకపోయింది.

ఆదివారం పొద్దున ఊరంతా మంచు. ఇళ్ళు కనిపించడం లేదు, వాటికి కట్టిన కాగితపు నక్షత్రాలు మాత్రం గాల్లో వేలాడుతున్నాయి. ఆరాధన మొదలయ్యేసరికి కరెంటు పోయింది, నక్షత్రాలూ పోయాయి. కొవ్వొత్తులు వెలిగించారు. ఏలియా గారు పలకలు తీశారు. నీళ్ళు నల్లగా, ఎవరి కోసమో ఆగినట్టు ఉన్నాయి. తెల్ల అంగీతో దిగాను. చలి మోకాళ్ళు దాటి నడుముకి వచ్చింది. గవరయ్య తెల్ల పంచెతో నా వెనకాలే దిగి నా ముఖం కేసే చూస్తూ నిలబడ్డాడు. జనం పాట ఆపాక కూడా పైకప్పులో పాట కాసేపు సాగింది.

"యేసుక్రీస్తును నీ సొంత రక్షకునిగా ఒప్పుకుంటున్నావా?"

ఆయన నోరు తెరిచాడు. జవాబు నా వీపు వెనక నుంచి వచ్చింది. గుటక, ఊపిరి. గవరయ్య చూపు నా భుజం దాటి వెనక్కి వెళ్ళింది. ఆ తరవాత చల్లగా, లావుగా, జారుడుగా ఏదో నా పిక్కల మధ్య నుంచి ఒళ్ళు రాసుకుంటూ పోయింది.

నేను పెట్టిన కేకలో దేవుడి పేరు లేదు, మా అమ్మ పేరుంది. మెట్లు ఎక్కిన జ్ఞాపకం లేదు. తెలివి వచ్చేసరికి ఏలియా గారి మెడ పట్టుకుని వేలాడుతున్నాను. ఆయన సూటు అంతా తడిసిపోయింది.

తొట్టిలో గవరయ్య ఒక్కడే మిగిలాడు. ఆడవాళ్ళ వరసలో సంతోషమ్మ లేచి నిలబడింది. మాట ప్రకారం ఆయన ఇంటికి పోవచ్చు. అడ్డుకునే హక్కు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. మళ్ళీ నీళ్ళలోకి చూశాడు. ముఖంలో భయం పోయి పని మీదున్న వేటగాడి చూపు వచ్చింది. వంగి, కింది మెట్టు దగ్గర సిమెంటు పగిలి ఏర్పడిన బొరియలోకి రెండు చేతులూ పెట్టాడు. లేచేసరికి చేతుల్లో కొరమీను కొట్టుకుంటోంది.

"దయ్యం దొరికింది బాబూ," అన్నాడు. "ఇది మంచినీటి సేప. ఇక్కడికెలాగొచ్చిందో?"

ఏలియా గారు తన మెడ మీది నా చేతులు ఒక్కొక్కటే విడదీశారు. "అయ్యగారూ?"

"నేనే వేశానండి. బకెట్టులో ఉండటం లేదని."

"అది బాప్తిస్మం తొట్టండి. తమరి వంటిల్లు కాదు."

"తిట్లు తరవాత డీకన్ గారూ, నీళ్ళు సల్లగున్నాయి," అన్నాడు గవరయ్య. "అయ్యగారూ, దిగండి. ఒప్పుకుంటన్నాను. ముంచండి."

"ముందు ఆ చేపను ఎవరికైనా ఇవ్వండి."

"సెయ్యి మారితే జారిపోద్ది. జారితే మీరు మల్లీ పరిగెడతారు. ఇలాగే కానివ్వండి."

గుండెల మీద చేతులు కట్టుకోమని నేనే నేర్పాను కదా. కట్టుకున్నాడు, మధ్యలో కొరమీనుతో సహా. దిగాను. ముంచాను. ఇద్దరూ కళ్ళు తెరిచే పైకి వచ్చారు. సంతోషమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో కొవ్వొత్తి వెలుగులో తెలియలేదు. ఆవిడకి కూడా తెలిసి ఉండదు.

పండగనాడు గవరయ్య మగవాళ్ళ వరసలో కూర్చున్నాడు. రొట్టె ఆయన దాకా వచ్చినప్పుడు ఆవిడ తల దించుకోలేదు.

అసలు గొడవ ప్రేమవిందు దగ్గర వచ్చింది. గవరయ్య అన్నాళ్ళూ తన ఇంట్లో నీళ్ళలో ఉంచి తెచ్చిన చేపను చూసి వంట చేసే ఆడవాళ్ళు కత్తిపీట పక్కన పెట్టేశారు.

"మా వల్ల కాదు అయ్యగారూ. బాప్తిస్మం పొందినదానికి మసాలా ఎలా పెడతాం?"

"అది నోటితో సాక్ష్యం చెప్పలేదు, కనుక చెల్లదు," అని ఏలియా గారు తీర్పు ఇచ్చారు. అయితే మీరే కొయ్యండని ఆడవాళ్ళు కత్తిపీట ఆయన ముందుకు జరిపారు. ఆయన చాలాసేపు దగ్గారు.

చివరికి అందరం వంశధార ఏటి దాకా నడిచి దాన్ని నీళ్ళలో విడిచిపెట్టాం. గవరయ్య ఒడ్డున వంగి, "ఎల్లిరాయే. బల్ల ఆదివారం మాత్రం మానకు," అని చెప్పి పంపాడు.

కాబట్టి సంఘం ఎదుట, మీ ఎదుట, ఎంతో గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. నోటితో తన విశ్వాసాన్ని ఒప్పుకోని ఏ ప్రాణినీ, అది ఎంత రుచిగా కనిపించినా సరే, ఆ తొట్టిలోకి ఇక దింపను. ఈ డిసెంబరులో నాకు కానుకలు తెచ్చే విశ్వాసులు దయచేసి వండి తీసుకురండి.