పేరు పెట్టి పిలిస్తే పలకాలి

ఉదయం తొమ్మిదీ పదికి నేను చదువుతున్న పుస్తకంలో బస్సు టికెట్టు పెట్టి మూసి, కళ్లద్దాలు తీసి, పళ్ల డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాను. నా పళ్లకేమీ కాలేదు. ఆ కుర్చీ మా ఆవిడది. ఆమె దంతవైద్యురాలు. ఆ శనివారం నా పని, స్పృహ తప్పిన రోగిగా పడి ఉండటం.

కలకత్తాలో బస్సులు తిరిగే రోడ్డు మీద, ఒక పాత భవనం రెండో అంతస్తులో ఆమెకు రెండు గదుల క్లినిక్ ఉండేది. ముప్పై ఏళ్లుగా చిగుళ్లకు సూది వేసి, తిమ్మిరెక్కాక పళ్లు తీస్తూ వచ్చింది. భయస్తులకు మత్తు ఇచ్చి చేసే ఏర్పాటు కూడా ఉండాలని ఆమెకు అనిపించింది ఒక్క మనిషి వల్ల. ఆయన ఊరి చివరి పేట మెటియాబ్రుజ్‌లో దర్జీ మాస్టరు. రోజంతా సూదుల మధ్య బతికే మనిషి, ఆమె చేతిలో సూది చూస్తే మణికట్టు పట్టుకుని వదిలేవాడు కాదు. రెండుసార్లు కుర్చీ దిగి వెళ్లిపోయాడు. మందులు వాడితే దవడ వాపు తగ్గేది, పది రోజులకు మళ్లీ వచ్చేది. ఆ పుచ్చిన పన్ను ఇంకా ఉంచితే ప్రమాదమని ఆమె అన్నం తింటూ కూడా అనేది.

మత్తు ఇవ్వడానికి ఒక బెంగాలీ డాక్టరు ఒప్పుకున్నారు. షరతు ఒకటే పెట్టారు. "దిదీ, ముందు మత్తు ఇవ్వకుండా మొత్తం ఒకసారి తప్పు లేకుండా చేసి చూపించండి. అప్పుడే నేను నా సంచీ తెరుస్తాను."

ఆయన మందుల పెట్టెలో ప్రతి సీసా మీద తేదీ చదివారు. ఆక్సిజన్ సిలిండర్‌కు తోడు ఇంకొకటి తెప్పించారు. నోట్లో నెత్తురు లాగే యంత్రం నడుస్తుండగా చెప్పకుండా వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశారు. యంత్రం ఆగిపోయింది. కాలితో తొక్కితే పనిచేసేది కొన్నాం. మా లిఫ్టు జాలీ తలుపుల కాలంది, అందులో స్ట్రెచర్ పట్టదు. అందుకని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే మనిషిని మామూలు కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దింపడం నేర్చుకోమన్నారు. సాధనకు కూర్చునే మనిషి బరువుగా ఉండాలి, వయసు పైబడి ఉండాలి అన్నారు. నేను ఎనభై కిలోలు. బ్యాంకు నుంచి రిటైరయ్యాను. శనివారం పూట వేరే పని లేదు.

కుర్చీ ఒక వైపు కింది కాపలా మనిషి పట్టుకున్నాడు, రెండో వైపు మా ఆవిడ సహాయకురాలు పట్టుకుంది. సహాయకురాలి తండ్రి కార్పొరేషన్‌లో పనిచేసేవాడు. పుట్టింది కలకత్తాలోనే అయినా శ్రీకాకుళం మాట పోలేదు. మొదటి అంతస్తు దగ్గర దించి, నడుం పట్టుకుని, "బాబుగోరూ, వచ్చే వారానికి నాలుగు ముద్దలు తగ్గించండి" అంది.

పళ్ల డాక్టరు కుర్చీ పక్కన సహాయకురాలికి అప్పజెప్పిన పని నా ఊపిరిని, నా వేలికి తగిలించిన క్లిప్పు చూపే అంకెలను గమనించడం. వేరే ఏ పనీ ముట్టుకోకూడదు, దూది కూడా అందించకూడదు. ఊరికే నిలబడటం ఆమెకు కష్టమైంది.

ఆ మొదటి శనివారం అంతా బాగానే సాగింది. మా ఆవిడ నా మీదకు వంగి భుజం తట్టింది.

"ఏవండీ."

నేను పలకలేదు. అది నా పాత్ర.

"ఏవండీ, మిమ్మల్నే."

మత్తు డాక్టరు సమయం లెక్కపెడుతున్న గడియారం ఆపారు. "రోగి పేరు అదేనా?"

సహాయకురాలు ఆయనకు బెంగాలీలో విషయం చెప్పింది. మాలో ఆ వయసు ఆడవాళ్లు భర్తను పేరు పెట్టి పిలవరని.

ఆయన నవ్వలేదు. ఈ మత్తులో మనిషి పూర్తిగా నిద్రపోడు, పేరు పెట్టి పిలిస్తే పలకాలి, పలకడం లేదంటే మత్తు ఎక్కువైనట్టు అన్నారు. పిలవాల్సింది నోట్లో చెయ్యి పెట్టిన డాక్టరేనట.

"రేపు వచ్చే పేషెంటును పేరుతోనే పిలుస్తాను కదా" అంది మా ఆవిడ.

"సాధనలో ఏది నోటికొస్తే కంగారులో అదే వస్తుంది."

సహాయకురాలు తెలుగులోకి మారింది. "ఏటి డాక్టరమ్మా, ఆ మాస్టర్ని కూడా ఏవండీ అనేత్తారేటి?"

"నువ్వు ఊపిరి చూడవే తల్లీ, నా నోరు కాదు."

"ఊపిరే సూస్తన్నాను. బాబుగోరు నవ్వుతన్నారు. రాసుకోండి."

మా ఆవిడకు ఆ పట్టింపు మీద నమ్మకమేమీ లేదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో వాళ్లమ్మను చూసి వచ్చిన అలవాటు, అంతే. ఆ వారమంతా వంటింట్లో ప్రయత్నించింది. "నోటిదాకా వస్తోంది. అక్కడ ఆగుతోంది" అంది. రెండో శనివారం కూడా ఆగింది. అదే రోజు సాయంత్రం దర్జీ మాస్టరు కొడుకు ఫోను చేశాడు, నాన్నకు మళ్లీ వాచిందని.

మూడో శనివారానికి సహాయకురాలు ఉపాయం చెప్పింది. నాకు మాస్టరు పేరు పెట్టేద్దాం అంది. మా ఆవిడ ఆ పేరు చీటీ మీద రాసుకుంది. మత్తు డాక్టరు సరే అనలేదు, వద్దనలేదు. నేను వాలాను. మూడు వారాలకు కుర్చీ అలవాటైంది, ఏసీ చల్లగా ఉంది. నేను నిజంగానే నిద్రపోయాను.

తర్వాత జరిగింది వాళ్లు చెప్పిందే. ఆమె చీటీ చూసి మాస్టరు పేరుతో రెండుసార్లు పిలిచింది. ఆ పేరుకు నేను కదలలేదు. మూడోసారి గట్టిగా పిలిచింది. అప్పటికీ కదలకపోయేసరికి చీటీ పడేసి, భుజాలు పట్టుకుని, నా పేరు పెట్టి పిలిచింది. నేను "ఆఁ" అని కళ్లు తెరిచాను. చెవిలో పడింది పేరులో చివరి సగమే.

"ఇనపడ్డాదా బాబుగోరూ?" అంది సహాయకురాలు.

"ఏమిటి?"

"అమ్మగోరు పేరెట్టి పిలిసినారు. రోడ్డు మీదకి ఇనపడేటట్టు."

"నేనేం పిలవలేదు" అంది మా ఆవిడ, చేతులు కడుక్కుంటూ.

మత్తు డాక్టరు నోటు పుస్తకం తిప్పి చూపించారు. తొమ్మిదీ ఇరవై రెండుకు పేరు పెట్టి పిలిచారు, రోగి పలికాడు అని రాసి ఉంది. కింద సంతకం చేశారు.

ఇంటికొచ్చాక ఇంకొక్కసారి పిలవమని అడిగాను.

"ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ ఉందా?"

"లేదు."

"ఏర్పాట్లు లేనిచోట నేను ఆ పని చెయ్యను."

ఆ బుధవారం దర్జీ మాస్టరు చెప్పినట్టే ఏమీ తినకుండా, కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె మాటిమాటికీ పేరు పెట్టి పిలిచింది, ఆయన ప్రతిసారీ పలికాడు. పన్ను తీశాక, ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు. నెల తిరక్కుండా సిలిండర్‌కు పూల గుడ్డతో తొడుగు కుట్టి తెచ్చాడు. మీటరు కనపడటం లేదని మత్తు డాక్టరు తీయించారు. మాస్టరు మీటరు దగ్గర కిటికీ వదిలి మళ్లీ కుట్టి తెచ్చాడు.

తర్వాత కూడా నెలకోసారి సాధన జరిగేది. నేను నిద్రపోకుండా జాగ్రత్తగా ఉండేవాణ్ణి. ఆమె చీటీ మీది పేరు గట్టిగా చదివేది, దానికి ముందు చిన్నగా "ఏవండీ" అనేది. దాన్ని తప్పు కింద రాయడం మత్తు డాక్టరు మానేశారు.

పోయిన వర్షాకాలంలో ఆమె పోయింది. ఆస్పత్రి సంగతులు ఇక్కడ రాయను. క్లినిక్‌ను ఒక యువ డాక్టరు తీసుకుంది. సహాయకురాలు అక్కడే ఉంది, అప్పుడప్పుడూ ఫోను చేస్తుంది.

"ఇప్పుడు బొమ్మొచ్చింది బాబుగోరూ, రబ్బరుది. బరువు లేదు, నవ్వదు."

"దానికి పేరు పెట్టారా?"

"ఎట్టకపోతే ఎలాగ, పిలవాల కదా. మీదే ఎట్టినాం."

నెలకోసారి ఆ గదిలో నా పేరు గట్టిగా వినిపిస్తుందట. దానికి ముందు చిన్నగా "ఏవండీ" అనడం మాత్రం ఇప్పుడు లేదు.